గోడమీది సీసీ కెమెరా గారికి

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకన్నా ముందు మీకే తెలుస్తుంది కాబట్టి కుశల ప్రశ్నలు వదిలేస్తున్నాను.

మొన్న పొద్దున ఆఫీసుకి నడుస్తూ దారిలో మీవాళ్లు ఎంతమంది ఉన్నారో చూద్దామని, కనపడ్డ ప్రతి ఒక్కరినీ ఫోన్‌తో ఫొటో తీశాను. 23 మంది తేలారు. రోజూ నడిచే దారే, అంతకుముందు ఎవరైనా అడిగితే ఐదో ఆరో అనేవాణ్ణి. పదకొండో ఆయన దగ్గర సెక్యూరిటీ గార్డు పరిగెత్తుకొచ్చి "ఎవర్నడిగి తీస్తున్నారు సార్?" అన్నాడు. అదే నిమిషంలో మీరు నన్ను సెకనుకు పదిహేనో ఇరవయ్యో బొమ్మల లెక్కన తీస్తున్నారు, ఎవర్నడిగారో మరి. ఫొటో డిలీట్ చేసేదాకా ఆ గార్డు కదల్లేదు. నేను డిలీట్ చేయడం కూడా మీ దగ్గర రికార్డయే ఉంటుంది.

రాత్రి మళ్లీ వచ్చాను. మామూలు కంటికి మీరు నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంటారు. ఫోన్ సెల్ఫీ కెమెరాలోంచి చూస్తే మాత్రం మీ కంటి చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఊదారంగులో వెలుగుతున్నాయి. మా వీధిలో ఇంత వెలుతురుందని నాకు తెలీదు!

పదిహేడో ఆయన ఉత్త డొల్ల. వైరు కూడా లేదు. అది తెలిసి కూడా రోజూ ఆయన ముందుకి రాగానే జుట్టు సరిచేసుకుంటున్నాను. కాపలావాడు ఉన్నాడో లేడో ఖైదీకి తెలియకపోతే చాలు, వాడే బుద్ధిగా ఉంటాడని 18వ శతాబ్దం చివర్లోనే జెరెమీ బెంథామ్ అనే ఇంగ్లీషు తత్వవేత్త జైలు ప్లాను గీశాడు. నేను ఆయన ఊహించిన దానికన్నా మంచి ఖైదీని, లేడని తెలిసినా బుద్ధిగానే ఉన్నాను.

దొంగచాటు ఫొటోలు మీతోనే మొదలు కాలేదు లెండి. వాకర్ ఎవాన్స్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ సబ్‌వేలో, కోటు గుండీల మధ్యనుంచి లెన్సు తొంగిచూసేలా పెట్టుకుని, ఎదుటి సీట్లో కూర్చున్నవాళ్లను తీశాడు. అవి పుస్తకంగా వచ్చింది 1966లో. ఆయన పాతికేళ్లు ఆగాడు. మీ దగ్గర ఎవరైనా కాలుజారి పడితే సాయంత్రానికల్లా నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో నవ్వులు.

హసన్ ఇలాహీ అనే కళాకారుడిది మరో దారి. 2002లో డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో అధికారులు అనుమానంతో ఆపి ప్రశ్నించాక, తను తిన్న ప్లేట్లూ వెళ్లిన టాయిలెట్లూ అన్నీ ఫొటోలు తీసి, ఎక్కడున్నాడో సహా తనే ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. చూసుకోండి, తవ్వుకోండి అని.

ఆయన కావాలని చేశాడు, నేను తెలీక చేశాను. మీ ఫొటోలు తెరిచి చూస్తే ఒక్కోదానిలో తేదీ, టైము, లొకేషన్ అన్నీ ఉన్నాయి. మీ గుట్టు పట్టుకుందామని బయల్దేరి, ఏ నిమిషానికి ఏ గోడ దగ్గరున్నానో నా ఫైలు నేనే తయారుచేసుకున్నాను. ఇంకో మాట, ఆ 22 ఫొటోల్లో దారినపోయేవాళ్లు తొమ్మిదిమంది పడ్డారు. వాళ్లను నేనూ అడగలేదు.

నిన్న ఫోన్ గ్యాలరీ ఒక ఫొటో చూపించింది. గుండ్రటి నల్ల గాజు మొహం మీది, అందులో చిన్నగా, వంకరగా నా మొహం. "ఇది మీరేనా?" అని అడిగింది.

అవును అని నొక్కాను.

ఇట్లు,
మీకు తెలిసినవాడు