దుఃఖానికి తరుగు, మజూరీ

మనవాళ్ళకు పద్ధతిగా దుఃఖించడం రాదు. ఏడుస్తాం, దినం చేస్తాం, గారెలు తిని ఇంటికొస్తాం. పైగా మొగుడు పోయిన ఆడదాని ఒంటిమీద ఉన్న నగలు తీయించాం. ఇంగ్లండులో దుఃఖం నగలని కొత్తవి కొనిపించారు. నగల షాపు గల్లాపెట్టె వైపునుంచి చూస్తే నాగరికత ఎవరిదో వేరే చెప్పాలా?

1861 డిసెంబర్ 14న విక్టోరియా రాణి మొగుడు ఆల్బర్ట్ పోయాడు. రాణి 1901లో తాను పోయేదాకా నలుపు వదల్లేదు. రాణిగారే నల్లబట్టలు కడితే ప్రజలు ఊరుకుంటారా? యార్క్‌షైర్‌లోని విట్‌బీ అనే రేవు ఊరికి దశ తిరిగింది. అక్కడ దొరికే జెట్‌తో ఈ నగలు చేసేవారు. చూడ్డానికి నల్లరాయి, నిజానికి కోట్ల ఏళ్ళనాటి చెట్టు, బొగ్గుకు దగ్గర చుట్టం. భలే తేలిక. చెవికి ఎంత పెద్దది వేలాడదీసినా తమ్మె సాగదు. అంత డబ్బు లేనివాళ్ళకు నల్లగాజు ఉంది, దానికి ఫ్రెంచి జెట్ అని గొప్ప పేరు. అదీ కాదంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. బాధ ఒకటే, రేటు వేరు.

ఏడవడానికి టైంటేబుల్ కూడా ఉండేది. వితంతువుకు రెండేళ్ళకు పైనే. మొదట్లో మెరుపు నిషిద్ధం, మెరుగుపెట్టని జెట్ మాత్రమే. చివర్లో ఊదారంగు బట్టలకూ, అమెథిస్టు అనే ఊదారాయికీ అనుమతి. పోయింది పసిబిడ్డో పెళ్ళికానివాళ్ళో అయితే నగ మీద తెల్ల ఎనామెల్ పూత, తక్కినవాళ్ళకు నలుపు. సన్న ముత్యాలంటే కన్నీళ్ళు. ఎదురుపడ్డవాళ్ళు పలకరించే శ్రమ లేకుండా, బట్టకు గుచ్చుకున్న బ్రోచ్ చూసి లెక్క కట్టేసుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది జుట్టు బ్రోచ్. వేలిగోరంత అద్దం, దానికింద పోయినవాళ్ళ వెంట్రుకలు జడలా అల్లి, చుట్టూ బంగారు అంచు. వెనక పేరు, తేదీ. జుట్టు కుళ్ళదు కాబట్టి ప్రేమకు గుర్తట. చిక్కల్లా ఒకటే. అల్లడానికి ఇచ్చిన జుట్టే తిరిగొచ్చిందా అని జనానికి టెన్షన్. రాత్రంతా గుండెకు హత్తుకుని ఏడ్చింది ఏ అనామకుడి క్రాపునో అయితే? అందుకే ఆడవాళ్ళ పత్రికలు జుట్టు అల్లడం ఇంట్లోనే ఎలాగో నేర్పాయి.

వీళ్ళకంటే షేక్‌స్పియర్ ముందుచూపున్నవాడు. 1616 నాటి వీలునామాలో ముగ్గురు తోటి నటులకు తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు, తన జ్ఞాపకంగా ఉంగరాలు కొనుక్కోమని. దుఃఖం బిల్లు పోయినవాడే కట్టాడు.

ఇప్పుడా నగలన్నీ పాతవస్తువుల షాపుల్లో ఉన్నాయి. కొనేవాడు ముందు చేత్తో తాకి చూస్తాడు, గాజు చల్లగా తగులుతుంది, జెట్ అంత చల్లగా ఉండదు. తర్వాత మెరుగులేని పింగాణీ మీద గీస్తాడు. గోధుమరంగు గీత పడితే గాజు కాదు, జెట్ కావచ్చు. అప్పుడే బేరం మొదలవుతుంది. వెనక ఉన్న పేరు భూతద్దంతో చదువుతాడు, అక్షరాలు అరగకపోతే ఇంకాస్త ఎక్కువ ఇస్తాడు.