చెరకు రైతు ఎంతకని సర్దుకోవాలి?

చక్కెర ఫ్యాక్టరీ నష్టాల్లో ఉంటే యజమాని, బ్యాంకు, కార్మికులు, రైతులు అందరూ సమానంగా సర్దుకోవాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. యజమాని చక్కెరను గోదాములో పెట్టి మంచి ధర కోసం ఆగగలడు. ఆ సరుకు తాకట్టు మీద అప్పిచ్చిన బ్యాంకు, అమ్మగానే ముందు తన బాకీ జమ చేసుకుంటుంది. నరికిన చెరకు అలా ఆగదు. మా నాన్న ట్రాక్టరుతో కాటా దగ్గర రెండేసి రాత్రులు పడిగాపులు కాసేవారు. ఎండకు గడలు వాడి బరువు తగ్గితే ఆ నష్టం మాదే. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బివ్వాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. మాకు అసలు రావడానికే ఏడాది పట్టింది, వడ్డీ ఊసే లేదు. కార్మికులకూ జీతాలు ఆగాయి, వాళ్ల బాధా నిజమే. కానీ మీకివ్వాల్సిన బకాయిల వల్లే వాళ్లకు జీతాల్లేవని ఫ్యాక్టరీ ఆఫీసులో మాతో అనడం చాలా అన్యాయం.