బొటనవేలు కాస్త పక్కకు జరపండి

మహారాజశ్రీ, సంగీతోత్సవ మైదానంలో రెండు రోజులపాటు వెలసి అంతర్ధానమైన సూపర్ మార్కెట్ కొట్టు గారి దివ్యసముఖమునకు హనుమకొండ నుంచి ఒక పాత ఖాతాదారు రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మా అమ్మ గొంతు ఇంకా కొంచెం పొడిగా ఉంది, అంతే. తమరి క్షేమం గురించి వేరే అడగనక్కర్లేదు. లీటరు నీళ్లు 80 రూపాయలకు అమ్ముకున్నవారికి ఏం లోటు?

ముందు చుట్టరికం కలుపుకుందాం. మా కాలనీ మలుపులో ఉన్న దుకాణం తమరికి స్వయానా అన్నగారు. అదే బోర్డు, అవే రంగు చొక్కాలు, అదే పాట. పన్నెండేళ్లుగా ఆయన దగ్గరే పప్పూ ఉప్పూ కొంటున్నాను. మర్యాదస్తుడు. తలుపు తీయగానే చల్లగాలి, బుట్ట అందించే మనిషి, బిల్లు దగ్గర "ఫోన్ నంబర్ చెప్పండి మేడం" అనే పలకరింపు. రూపాయి చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెడతారనుకోండి, దాని మీద ఇంకో ఉత్తరం ఉంది.

మొన్న శనివారం, అంటే ఉగాది వెళ్లిన రెండో వారం, సాయంత్రం నాలుగున్నరకు ఆ అన్నగారి దగ్గరే రెండు లీటరు సీసాలు కొన్నాను. ఒక్కొక్కటి 20 రూపాయలు. ఎండ ఇంకా రోడ్డు మీద కాలుతోంది. ఈ రెండూ కాక మా అమ్మ ఇంటి నుంచి తన స్టీలు సీసా తెచ్చుకుంది. అమ్మానాన్నల షష్టిపూర్తికి బంధువులందరికీ పంచిన సీసాల్లో మిగిలిన ఆఖరిది అది. దాని నడుము మీద ఇద్దరి పేర్లూ, తేదీ చుక్కల అక్షరాలతో చెక్కి ఉంటాయి. అమ్మ బయటి నీళ్లు తాగదు. పాత పాటలు పాడతారని టికెట్ మీద రాసి ఉండబట్టి వచ్చింది గానీ, లేకపోతే ఆవిడకు మైదానాలతో పనేముంది?

గేటు దగ్గర మూడు సీసాలూ లాక్కున్నారు.

లాక్కున్నారనే అంటాను. "బయటి నీళ్లు లోపలికి రావు మేడం, లోపల స్టాల్ ఉంది, అన్నీ దొరుకుతాయి" అన్నాడు గేటు మనిషి. అతను తమరి జీతగాడు కాడని తెలుసు. కానీ అంత నమ్మకమైన ప్రచారకుడిని జీతమిచ్చి పెట్టుకున్నా దొరకడు. అతని వెనక సీసాల గుట్ట నడుమెత్తు పేరుకుని ఉంది. ఫ్రిజ్ నీళ్లు పట్టుకొచ్చిన పాత కూల్ డ్రింక్ సీసాలు, బడి పిల్లల బొమ్మల సీసాలు, మూతకు తాడు కట్టినవి, మూత లేనివి. మా స్టీలు సీసాకు మాత్రం గౌరవంగా ఒక కాగితం ముక్క ఇచ్చారు. 214 నంబరు. "పోయేటప్పుడు తీసుకోండి" అన్నారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

లోపల తమరి దర్శనమైంది. దూరం నుంచి ఆ బోర్డు చూసి, నిజం చెప్పాలంటే, ప్రాణం లేచి వచ్చింది. ఊరుగాని ఊళ్లో మేనమామ కనబడినట్టుగా. "మన దుకాణమే అమ్మా, ఇక్కడ మోసం ఉండదు" అన్నాను. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు, అదే రంగు చొక్కా, నేను ఇందాక కొన్న కంపెనీ సీసానే తీసి అందించాడు. నవ్వుతూ, రెండు చేతులతో, ప్రసాదం ఇచ్చినట్టు ఇచ్చాడు. "80 అక్కా" అన్నాడు.

ఇప్పుడు ఆ సీసాను అతను పట్టుకున్న తీరు చెబుతాను, ఎందుకంటే నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. కుడిచేతి బొటనవేలు సరిగ్గా లేబుల్ మీద ధర ముద్రించిన చోట ఉంది. ఒక్కసారైతే అనుకోకుండా జరిగిందనుకుంటాం. పక్కన కొంటున్న ఆయనకు ఇచ్చిన సీసా చూశాను, బొటనవేలు అక్కడే. ఆ పక్కన కాలేజీ పిల్లలకు ఇచ్చిన రెండింటినీ చూశాను. అక్కడే, అక్కడే. వీణ మీద మెట్టు వెతుక్కునే వేలికి కూడా అంత గురి ఉండదు. దీనికి సాధన కావాలి. తమరు ఆ పిల్లవాడికి రోజుకూలి ఎంత ఇచ్చారో గానీ, పొద్దున్నే నిలబెట్టి "సీసా ఇలా పట్టుకోవాలి" అని ఎవరో నేర్పి ఉండాలి. ఆ నేర్పిన మహానుభావుడికి సన్మానం చేయాలని నా కోరిక. శాలువా కప్పేటప్పుడు నా బొటనవేలు ఎక్కడ పెట్టాలో కూడా ఆయన్నే అడుగుతాను.

"ఎనభై పెడితే లీటరు పాలు వస్తాయి కదా బిడ్డా" అంది అమ్మ. కుర్రాడు నవ్వాడు. వేలు కదల్లేదు.

మా అమ్మాయి లా రెండో సంవత్సరం చదువుతోంది. ఇలాంటి అవకాశాన్ని వదులుతుందా? తూనికలు కొలతల చట్టం 2009లో వచ్చిందనీ, 2011 నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద వేసిన ధరకు మించి చిల్లర వర్తకుడు అమ్మకూడదనీ, 2018 జనవరి 1 నుంచి ఒకే సరుకుకు రెండు చోట్ల రెండు ఎమ్మార్పీలు ముద్రించడం కూడా చెల్లదనీ అక్కడే వాదన మొదలుపెట్టింది. కుర్రాడు శ్రద్ధగా విన్నాడు. వెనకాల క్యూలో ఎవరో "హోటళ్లలో అమ్ముతున్నారుగా" అన్నారు. దానికీ సమాధానం ఉంది దాని దగ్గర. హోటల్‌వాడు వడ్డన చేస్తాడు, వసతి చూపిస్తాడు కాబట్టి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయ్యా, తమరి దగ్గర వసతి అంటే ఏమిటి? ఒక రేకు, రెండు బల్లలు, ఐసు కరిగి బురదైన నేల. కుర్చీ వేసి, గ్లాసు కడిగి, నీళ్లు పోసి "ఇంకొంచెం పొయ్యమంటారా" అని అడిగి ఉంటే 80 కాదు, 100 ఇచ్చి దండం పెట్టి వచ్చేదాన్ని. తమరు సీసా అందించారు. అది కూడా వేలు అడ్డం పెట్టి.

"ఫిర్యాదు చేద్దాం" అని వినియోగదారుల 1915 నంబరుకు ఫోను కలిపింది పిల్ల. అన్ని వేల ఫోన్లు ఒక్కచోట చేరాక సిగ్నల్ ఎక్కడ ఉంటుంది? బిల్లు అడిగితే మిషన్‌లో కాగితం అయిపోయిందన్నారు. నా ఫోన్ నంబరు చెబితే పాయింట్లు ఇక్కడ పడవన్నారు. పార్కింగ్ 100 రూపాయలు. సమోసా గురించి రాయను, దాని ఆత్మకు శాంతి కలగాలి.

ఆ పైన మూత. డబ్బు తీసుకున్నాక సీసా మూత తిప్పి తీసేసి, మూత తమరే ఉంచుకుని, నోరు తెరిచిన సీసా నా చేతిలో పెట్టారు. వేదిక మీదికి విసురుతారని భయమట. నా వయసు 47. మా అమ్మకు 71. ఆవిడ చెయ్యి భుజం దాటి పైకి లేవదు, గాయకుడి మీదికి సీసా ఎక్కడ విసురుతుంది? మూత లేని సీసాలు మూడు పట్టుకుని అంత జనంలో నడిచి చూడండి. తొలి పది అడుగుల్లో ఒక పెద్దాయన వీపు తడిపాను. ఆయన వెనక్కి తిరిగి, "పోనీలే అమ్మా, చల్లగా ఉంది" అన్నాడు. ఇరవై రూపాయల విలువైన నీళ్లు ఆయన చొక్కాకే పోయాయి. లేదు, లెక్క తప్పు, తమరి ధరలో అయితే అది ఒక్క గుక్కే.

గేట్లు అయిదింటికి తీశారు. అసలు గాయకుడు వేదిక ఎక్కింది తొమ్మిదీ పదికి. నాలుగు గంటలు, ముగ్గురం, ఆరు సీసాలు. ఆరు ఎనభైలు 480. నగదు తీసుకోరు కాబట్టి చేతికి కట్టిన పట్టీలో ముందే 500 వేయించుకోవాలి. మిగిలిన 20 తిరిగి ఇవ్వరు. ఆ 20 రూపాయలకు మా కాలనీలో తమరి అన్నగారి దగ్గర, మూతతో సహా, లీటరు సీసా వచ్చేది.

ఒక్క నిమిషం మర్యాద పక్కన పెడతాను. నువ్వు ఎవరనుకుంటున్నావు? ఏ ఊళ్లో కొట్టు పెట్టానని అనుకున్నావు? నువ్వు దిగిన మైదానానికి వచ్చే దారిలోనే నాలుగు చలివేంద్రాలు ఉన్నాయి. తడిగుడ్డ చుట్టిన కుండలు, మీద మూత, పక్కన గొలుసు కట్టిన గ్లాసు. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన నేల ఇది. వాళ్ల వారసులం చెరువులు తవ్వించలేకపోయినా గ్లాసుకు గొలుసు కట్టి కుండ పెడుతున్నాం. గొలుసు గ్లాసు పోతుందనే భయానికి కట్టింది, నీళ్లు తాగుతారనే భయానికి కాదు. ఎండలో నిలబడిన ముసలమ్మ చేతిలోంచి నీళ్లు లాక్కునే పద్ధతి మాకు లేదు. మేడారానికి ఎడ్లబండ్ల మీద కుండలు పెట్టుకుని పోయిన జనం, ఇప్పుడు బస్సుల్లో క్యాన్లు పెట్టుకుని లక్షల్లో పోతున్న జనం, ఎవరినైనా గద్దెల దగ్గర ఆపి "ఇంటి నీళ్లు లోపలికి రావు" అన్నారా? ఆ జాతరలో కూడా కొబ్బరికాయ ధర, కోడి ధర పెంచేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ పెంచిన ధర నోటితో చెబుతారు, వేలితో దాచరు. ఊళ్లో బెల్టు షాపువాడు కూడా సీసా మీద పదో ఇరవయ్యో ఎక్కువ తీసుకునేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంటాడు. నీకు ఆ మాత్రం సిగ్గు కూడా లేదు.

అసలు మా ఊరి రాజు ఈ సంగతి 1244లోనే తేల్చేశాడు. గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనం బడిలో చదువుకున్నాం. తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ఆయన, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని వర్తకులకు అభయమిచ్చాడు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల తరువాత, అదే రాజు రాజధానిలో, ఎండకు చెదిరి మైదానం ఒడ్డుకు కొట్టుకువచ్చిన మా సీసాలను లాక్కుని, సుంకం కూడా మా దగ్గరే కట్టించుకున్నారు. ఆ శాసనం రాతిస్తంభం మోటుపల్లిలోనే నిలిచి ఉంది. కావాలంటే వెళ్లి చూసి రండి. దాని మీద ఎవరూ వేలు అడ్డం పెట్టలేదు.

మళ్లీ మర్యాదలోకి వస్తున్నాను. నిర్వాహకులకు అద్దె కట్టామనీ, సరుకు లారీలో మోసుకొచ్చామనీ తమరు అంటారు. నిజమే కావచ్చు. 25 అనండి, 30 అనండి, గొణుక్కుంటూ ఇస్తాం. 2025 సెప్టెంబరు 22న నీళ్ల సీసాల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. కాజీపేట జంక్షన్‌లో రైలు ఆగిన ఆ కాసేపట్లో పరిగెత్తి కొనుక్కునే రైల్ నీర్ కూడా 15 నుంచి 14కు తగ్గింది. రైలుకు కూడా అద్దెలు, కూలీలు, లారీలు ఉన్నాయి. ఆ తగ్గిన రూపాయి ఎక్కడికి పోయిందా అనుకున్నాను, తమరి దగ్గరికి వచ్చి పిల్లలు పెట్టినట్టుంది.

ఇంగ్లండులో చదువుతున్న మా తమ్ముడి కొడుకుకు ఇదంతా ఫోనులో చెబితే, గ్లాస్టన్‌బరీ అనే సంగీత జాతర గురించి చెప్పాడు. సుమారు 2 లక్షల మంది చేరతారట. 2019 నుంచి ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అమ్మడమే మానేశారు. సొంత సీసా తెచ్చుకోండి, కుళాయి దగ్గర ఊరికే పట్టుకోండి అంటారు. "మా దగ్గర తెచ్చుకున్నవాళ్ల సీసాలతో గుట్ట కడతారు రా" అన్నాను. వాడు నమ్మలేదు.

చివరగా ఒక సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పదిన్నరకు, పాత పాట సగంలో ఉండగా, అమ్మకు పొలమారింది. నా పట్టీలో 20 రూపాయలే ఉన్నాయి. తమరి కొట్టు దగ్గరికి పరిగెత్తాను. ఆ కుర్రాడు అటూ ఇటూ చూసి, బల్ల కింద నుంచి ఒక స్టీలు సీసా తీశాడు. సొట్టపడిన సీసా, మూతకు రబ్బరు లేదు, ఇంటి నుంచి తెచ్చుకున్నది. కాగితం కప్పులో నిండా పోసి, "అమ్మమ్మకు ఇవ్వండి అక్కా, ఇవి మా ఇంటి నీళ్లు" అన్నాడు. అతన్ని గేటు దగ్గర ఎవరూ ఆపలేదు కాబోలు, లేదా దాచి తెచ్చుకున్నాడో. అతనికి కూడా తమరి 80 రూపాయల నీళ్లు గొంతు దిగలేదన్నమాట. దయచేసి అతని ఉద్యోగం తీసేయకండి. ఎవరో నేను చెప్పను, అందరూ అదే రంగు చొక్కాలో ఉన్నారు.

ఇక పని మాట. పాటలు అయ్యాక 214 నంబరు కాగితం పట్టుకుని గేటు దగ్గరికి వెళితే, గుట్ట లేదు, గేటు మనిషి లేడు. ఊడ్చేవాళ్లు మాత్రం ఉన్నారు. "సీసాలన్నీ స్టాల్ వాళ్లు సర్దేసుకున్నారు" అన్నారు ఒకరు, "ట్రాక్టర్ ఎత్తుకెళ్లింది" అన్నారు ఇంకొకరు. తమరి సామానులో ఎక్కడైనా నడుము మీద ఇద్దరి పేర్లు చెక్కిన స్టీలు సీసా కనబడితే మా కాలనీ అన్నగారి దగ్గర ఇచ్చి వెళ్లండి. నేను వెళ్లి తీసుకుంటాను. దాని మీద ధర ముద్రించి లేదు. వేలు ఎక్కడ పెట్టి పట్టుకున్నా ఫరవాలేదు.

ఇట్లు,
టోకెన్ నంబరు 214