సిలికా జెల్ పొట్లం బిందెలో వేస్తే సీసం పోదు

"కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకండి, నాలుగు విప్పి ఆ గుళికలు మంచినీళ్ల బిందెలో రాత్రంతా ఉంచండి, సీసం, పాదరసం, ఫ్లోరైడ్ అన్నీ లాగేస్తాయి, శాస్త్రవేత్తలే నిరూపించారు" అని ఒక మెసేజ్ తిరుగుతోంది. మా చుట్టాల గ్రూపులోకీ వచ్చింది. కొన్నాళ్లు ఇలాంటి సిలికా మీదే ల్యాబులో పనిచేశాను, అందుకే చెప్తున్నా, దయచేసి ఎవరూ వేయకండి.

"శాస్త్రవేత్తలే నిరూపించారు" అన్నారు కదా, వాళ్లు నిరూపించింది ఈ పొట్లంలో సరుకు గురించి కాదు. 1997లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లాబొరేటరీ వాళ్లు పాదరసాన్ని గట్టిగా పట్టే సిలికా గురించి ప్రచురించారు. అందులో సన్నటి రంధ్రాల గోడలకి గంధకం ఉన్న థయాల్ అనే చిన్న పరమాణు గుంపుల్ని రసాయనికంగా అతికించారు. పాదరసాన్ని పట్టేది ఆ గంధకం, సిలికా దానికి ఆధారం మాత్రమే. రాగిని పట్టాలంటే నైట్రోజన్ ఉన్న అమీన్ గుంపులు అతికిస్తాం, అదీ నీళ్లలో ఆమ్లగుణం పెరిగితే పట్టు వదిలేస్తుంది. ఒకే పొడి అన్ని లోహాలనీ పట్టడం అనేది లేదు.

"తేమని పీల్చేది లోహాన్ని పీల్చదా?" అని మా బాబాయి అడిగాడు. ఉత్త సిలికా పైన సహజంగా ఉండే సిలనాల్ అనే ఆక్సిజన్-హైడ్రోజన్ గుంపులు సీసాన్ని, రాగిని కాస్త పట్టే మాట నిజమే, కానీ ఆ పట్టు బలహీనం. పైగా మన బోరు నీళ్లలో లీటరుకి పదుల, వందల మిల్లీగ్రాముల కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. సీసానికి మన ప్రమాణమే లీటరుకి 0.01 మిల్లీగ్రాము. అవన్నీ అదే చోటుకి పోటీపడుతుంటే ఆ కాస్త సీసానికి చోటెక్కడ దొరుకుతుంది?

ఫ్లోరైడ్ సంగతి మరీ తప్పు. అది లోహమే కాదు, ఋణావేశం ఉన్న అయాన్. తాగే నీళ్లలో సిలికా ఉపరితలానిదీ ఋణావేశమే, కాబట్టి దూరంగా నెడుతుంది. ఫ్లోరైడ్ తీయడానికి నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నంతో చేసిన పద్ధతికి నల్గొండ పేరే ఉంది. ఫ్లోరైడ్‌తో బాధపడే అలాంటి ఊళ్లకి కూడా ఈ మెసేజ్ వెళ్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

నాకు అన్నిటికన్నా భయం కొన్ని పొట్లాల్లో ఉండే నీలి రంగు గుళికలంటే. గ్లాసు నీళ్లలో వేసి చూడండి, చిటపటమని పగులుతాయి, కాసేపటికి నీళ్లకి గులాబీ రంగు దిగుతుంది. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది. అంటే లోహం తీద్దామని వేస్తే ఇంకో లోహం బిందెలోకి చేరుతోంది, అదీ విషపదార్థం.

"రెండ్రోజులు తాగాం, నీళ్లు తేటగా ఉన్నాయి" అనేవాళ్లకి: సీసం కంటికి కనపడదు, రుచికి తెలీదు. ల్యాబులో కూడా మేం అటామిక్ అబ్సార్ప్షన్ మెషీన్‌లో పెట్టి కొలిస్తేనే తెలిసేది. అనుమానం ఉంటే నీళ్లు పరీక్ష చేయించండి, సీసం ఎక్కువుంటే ఆర్ఓ లాంటిది పెట్టించండి. ఇప్పటికే గుళికలు వేసి ఉంటే ఆ నీళ్లు పారబోసి, అడుగున ముక్కలు మిగలకుండా బిందె తోమేయండి.