సైలెన్సర్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ సైలెన్సర్ గారికి,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి మీ బండి యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు క్షేమమేనని తెలుస్తూనే ఉంది. నాకే కాదు, మూడు వీధుల అవతలివాళ్లకి కూడా.

మిమ్మల్ని కొన్న రోజు గుర్తుందా? ఆటోనగర్‌లో ఆ కొట్టు గోడ నిండా మీ చుట్టాలే వేలాడుతున్నారు. ఇండోరి, పంజాబీ, షార్ట్ బాటిల్, డాల్ఫిన్. పెళ్లిచూపుల్లో పాట పాడించినట్టు ఒక్కొక్కరినీ ఒక పాత బండికి తగిలించి రేస్ చేసి వినిపించాడు కొట్టతను. మీ గొంతు విని 5,500 ఇచ్చేశాను. శబ్దాన్ని అణిచేదానికి సైలెన్సర్ అని పేరు, శబ్దం కోసం దాన్ని కొనడం నా తెలివి. మీ లోపల ఉండి శబ్దం తగ్గించాల్సిన డీబీ కిల్లర్ గొట్టాన్ని మాత్రం అతను ముందే పీకి, సంచిలో వేసి ఇచ్చాడు. "పోలీసులు ఆపితే పెట్టేసుకోండన్నా" అన్నాడు. అంటే వాళ్లు ఆపాక, వాళ్ల ఎదుటే స్పానర్ తీసుకుని!

"పికప్ కూడా పెరుగుద్దన్నా" అన్న మాట దారిలో గుర్తొచ్చి మురిసిపోయాను. నాది బీఎస్-6 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ఇంజిన్ బలం కంపెనీ చెప్పిన లెక్కలో 20.2 బీహెచ్‌పీ. మీ రాకతో అది ఎంతయిందో తెలీదు గానీ, బ్యారేజీ మీద నాకు మాత్రం నలభై అయినట్టే అనిపించింది.

వారం తిరక్కుండా గొడవ మొదలైంది. యాక్సిలరేటర్ వదలగానే మీరు పట్ పట్ పట్ అని సీమటపాకాయలు పేల్చడం మొదలుపెట్టారు. మిమ్మల్ని బండికి బిగించిన కుర్రాడి దగ్గరికి పోతే చెవి ఒగ్గి విన్నాడు. డాక్టరు గుండె విన్నట్టే. "లీన్ అయిపోయిందన్నా. ట్యూనింగ్ పెట్టించకపోతే పిస్టన్ కాలిపోద్ది" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తమరు మాత్రం సెంటర్ స్టాండ్ మీద హాయిగా పడుకున్నారు.

లీన్ అంటే ఏమిటో నాకు తెలియక కాదు. గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. అంతకన్నా గాలి ఎక్కువైతే లీన్, పెట్రోలు ఎక్కువైతే రిచ్. మా నాన్నగారి పాత బుల్లెట్‌కి ఈ గొడవ నిజంగానే ఉండేది. సైలెన్సర్ మార్చినప్పుడల్లా కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచేవారు. గన్నవరం దాకా తోలుకొచ్చి, ప్లగ్ విప్పి, వెలుతుర్లో పెట్టి చూసేవారు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదని, మసిబారితే ఎక్కువైందని, కాఫీపొడి రంగులో ఉంటే సరిపోయిందని. ఎందుకంటే జెట్ అనేది ఇత్తడి ముక్కలో ఒక చిల్లు. వెనక సైలెన్సర్ మారిందో ఊడిందో ఆ చిల్లుకి తెలియదు.

నా బండికి అలా కాదే! ఇంజిన్ నుంచి వచ్చే బెండ్ పైపులోనే ఆక్సిజన్ సెన్సర్ ఉంది. బయటికి పోయే పొగని వాసన చూసి, లీన్‌గా ఉంటే సున్నాకి దగ్గరగా, రిచ్‌గా ఉంటే ఒక వోల్టుకి దగ్గరగా ఈసీయూకి, అంటే బండిలోని చిన్న కంప్యూటర్‌కి, కబురు పంపుతుంది. ఈసీయూ వెంటనే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ని తెరిచి ఉంచే సమయాన్ని మిల్లీసెకన్లలో అటూ ఇటూ జరుపుతుంది. పొగలో విషం తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఆ బెండ్ పైపులోనే, మీకన్నా ముందే. వీళ్లందరి వెనక, తోక చివర, తమరు. మీరొచ్చిన సంగతి ఈసీయూకి తెలిసింది, అది సర్దుకుంది కూడా. ఊరికే కంగారు పడ్డది నేనొక్కణ్ణే.

ట్యూనింగ్ పేరుతో కుర్రాడు చూపించిన మందు చూడండి మరి. ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్య కూర్చునే ఒక చిన్న డబ్బా, 16,000. ఈసీయూ ఇంత పెట్రోలు పోయమంటే, ఇది ఇంకాస్త కలిపి పోయిస్తుంది. సరే, మరి సెన్సర్ ఊరుకుంటుందా? "రిచ్ అయింది బాబోయ్" అని చెబుతుంది. ఈసీయూ ఆ పెట్రోలు కాస్తా కోసేస్తుంది. అందుకని సెన్సర్ మాట కూడా మార్చి పంపే ఇంకో ముక్క అమ్ముతారు. డబ్బా అబద్ధం ఆడటానికి, ముక్క దాన్ని సెన్సర్ బయటపెట్టకుండా చూడటానికి. ఆ పైన "ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చేయండన్నా, ట్యూనింగ్‌కి న్యాయం జరగాలి కదా" అన్నాడు. గోచీ ఎలుకలు కొట్టేస్తున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాల కోసం ఆవుని తెచ్చిన సన్యాసి ఎవరో కాదు, నేనే. నా గోచీ మాత్రం తమరు.

ఆ కుర్రాడు చెప్పిందంతా అబద్ధమని కూడా అనను. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఈసీయూ సెన్సర్ మాట వినదు, ఎంత పెట్రోలు పోయాలో కంపెనీలో రాసిచ్చిన పట్టిక, అదే మ్యాప్, దాని ప్రకారమే పోతుంది. బెండ్ పైపు మార్చి, కన్వర్టర్ పీకేసి, ముందు గాలిని ఎక్కువగా వదిలే ఫ్రీ ఫ్లో ఫిల్టర్ పెట్టుకున్న బండి అక్కడ నిజంగానే లీన్ అవుతుంది. దానికి ట్యూనింగ్ కావాల్సిందే. అదీ బండి బలం కొలిచే డైనో మీద ఎక్కించి, గాలీ పెట్రోలూ పాళ్లు కచ్చితంగా చూపించే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, అంకెలు చూస్తూ చేయాలి. చెవి ఒగ్గి కాదు. పైగా నేను యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పేదెప్పుడు? గవర్నర్‌పేట నుంచి బెంజి సర్కిల్ దాకా మూడో గేరు పడితే అదే పండగ.

ఇక తమరి టపాకాయల రహస్యం. మా వీధి చివర మేస్త్రి గారు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, మీ నోటికి గుడ్డ ముక్క అడ్డం పెట్టారు. మీరు బెండ్ పైపుతో కలిసే జాయింటు దగ్గర బుస్సుమని వినిపించింది. సందు మూసే గాస్కెట్ లేదు, బిగించే క్లాంపు వదులు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోయి, కాలకుండా మిగిలిన పెట్రోలుతో కలిసి వేడి పైపులో అంటుకుంటోంది. కొత్త గాస్కెట్ 80 రూపాయలు. చాలావరకు తగ్గింది. మిగిలిన ఒకటీ అరా పాత సైలెన్సర్‌లోనూ ఉండేవట, అది పెద్దమనిషి గనక కడుపులో దాచుకునేది.

పికప్ సంగతి కూడా తేల్చాను. అటక మీంచి ఆ పెద్దమనిషిని దించి మంగళగిరి వైపు ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 40 నుంచి 70కి, మళ్లీ మీతో అదే రోడ్డు మీద. వెనక కూర్చున్న మా బావమరిది ఫోన్‌లో టైము చూశాడు. తేడా సెకనులో పదో వంతు, అదీ ఒకసారి మీకు, ఒకసారి ఆయనకి. కానీ మైలేజీ మాత్రం 35 నుంచి 31కి దిగింది. అది లీనూ కాదు, రిచ్చూ కాదు. మీ గొంతు వినాలని ప్రతి సిగ్నల్ దగ్గరా రేస్ చేసిన నా కుడిచెయ్యి.

చలానా సంగతి పెద్దగా రాయను, మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 దాకా పడుతుందని మీకూ తెలుసు. మీ చుట్టాల్ని నడిరోడ్డున వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫొటోలు పేపర్లో చూసి మీరు వణికారో లేదో గానీ, పక్కింటి బామ్మగారు మాత్రం ఆ కాగితం కత్తిరించి మా గేటుకి అంటించారు.

ఇట్లు,
మీ విధేయుడు.

తా.క.: మిమ్మల్ని అమ్మకానికి పెట్టాను. నిన్న సాయంత్రం కాలేజీ కుర్రాడు ఒకడు వచ్చాడు. "అన్నా, దీనికి ట్యూనింగ్ చేయించాలా?" అన్నాడు. ముందు గాస్కెట్ కొనుక్కో తమ్ముడూ అని మొదలుపెట్టి, సెన్సర్ దాకా వచ్చాను. వాడు వినలేదు. ఒక్కసారి రేస్ చేసి వినిపించమన్నాడు.