మార్నింగ్ వాక్ గారికి, దోశల బండి నుంచి

మహారాజశ్రీ మార్నింగ్ వాక్ గారికి,

నెల్లూరు నుంచి దోశలు పోసుకునే మనిషి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ క్షేమం అని రాయలేను, రోహిణి కార్తె నడుస్తోంది.

మొన్న డాక్టరు నా షుగరు రిపోర్టు చూసి చీటీలో మీ పేరు రాసిచ్చారు. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాల లెక్క కూడా ఇదేనట. పైగా ఖర్చు లేని మందు అన్నారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

ఈ కాలంలో మీరు దొరికేది తెల్లారుజామున ఐదింటికే. ఆ వేళకి నేను పెనం ముందు ఉంటాను. మీ శిష్యులు చెరువు కట్ట మీద చేతులు ఊపుకుంటూ నడిచి, తిన్నగా నా బండికే వస్తారు. "అక్కా, రెండు కారం దోశలు, నెయ్యి కాస్త ఎక్కువెయ్యి." కట్ట మీద పోగొట్టుకున్నది నా దగ్గర వడ్డీతో తీసుకుపోతారు. మీ పుణ్యాన నాలుగు డబ్బులు వస్తున్నాయి కాబట్టి గట్టిగా అనకూడదు.

పదకొండు దాటితే బయటికి రావద్దని ఫోనుకి మెసేజ్ వస్తుంది. మా ఆయన బేల్దారి పనికి పోతాడు, ఆయనకీ అదే మెసేజ్. మిట్టమధ్యాహ్నం ఇటుకలు మోస్తూ మెట్లెక్కే అడుగులు మీ ఖాతాలో పడతాయా? 2015 మేలో వడగాడ్పులకి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్ళలో కూలీలూ ముసలివాళ్ళే ఎక్కువ. కదలక పోయినవాళ్ళు కాదండీ వాళ్ళు.

సాయంత్రం నడవమంటారా? మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి వస్తుంది, నిజమే. ఉక్కపోత కూడా దాంతోనే వస్తుంది. చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. మా సందులో చెట్టూ లేదు. మావాడు క్రికెట్ బ్యాటుని మంచం కిందికి తోసేసి ఫోను పట్టుకుని కూర్చుంటాడు, తిట్టబుద్ధి కాదు.

ఇక రాత్రి. సిమెంటు రేకులు పగలంతా తాగిన ఎండని మా మీదే కక్కుతాయి. పైన సున్నం కొట్టించాక కాస్త నయమే కానీ, ఒంటిగంట దాకా నిద్ర పట్టదు. మా ఇంట్లో ఈ వేడికి హుషారుగా లేచేది దోశ పిండి ఒక్కటే. అదీ పులిసిపోతుందని గిన్నెని నీళ్ళ తొట్టిలో పెట్టి కాపలా కాస్తాను. మూడింటికి మళ్ళీ లేవాలి.

కాబట్టి ఒక మనవి. ఒక రాత్రి మా రేకుల కింద పడుకోండి, తడి తువ్వాలు నేనిస్తాను. పొద్దున మీరు లేచి నడవగలిగితే మీ వెనకే నేనూ వస్తాను. బండి దగ్గర ఎవరైనా నిలబడాలి, శిష్యుల్లో ఒకరిని పంపండి.

ఇట్లు,
దోశల అక్క