తొట్టిని బట్టి సొర

చేప తొట్టిని బట్టే పెరుగుతుంది. శ్రీకాకుళంలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. అక్వేరియం షాపువాడికి తెలుసు, వాడి దగ్గర గోల్డ్ ఫిష్ కొన్న ట్యూషన్ మాస్టారికి తెలుసు, చేపని పులుసులో తప్ప ఎప్పుడూ చూడని మా మావయ్యకి కూడా తెలుసు. ఎవరు కనిపెట్టారయ్యా అంటే మాత్రం ఎవరూ చెప్పరు. అంత గొప్ప సిద్ధాంతానికి ఆ మాత్రం వినయం ఉండాలి లెండి. నేనైతే దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను, డబ్బు మిగిల్చే శాస్త్రం ఏదైనా నాకిష్టం.

పైగా దీన్ని మనుషుల మీద ఆల్రెడీ ప్రయోగించి చూశాం కదా. పట్టణాల్లో పేదలకి సెంటు స్థలం ఇచ్చినప్పుడు, సెంటులో ఇల్లెలా కట్టాలి, మంచం ఎక్కడ వెయ్యాలి, పెళ్లయిన కొడుకూ కోడలూ ఎక్కడ పడుకోవాలి అని కొందరు ఒకటే గొడవ చేశారు. వాళ్లకి సైన్సు తెలీదు. సెంటు ఇస్తే కుటుంబం సెంటుకి సరిపడానే ఎదుగుతుంది, అంతకి మించి ఎదిగితే అది కుటుంబం తప్పు.

ఈ నమ్మకంతోనే ఈమధ్య ఊళ్లో ఎగ్జిబిషన్ గ్రౌండులో సొరంగం అక్వేరియం ఒకటి పెట్టారు. జెయింట్ వీల్ పక్కన, మిరపకాయ బజ్జీల స్టాలుకి ఎదురుగా, రేకుల షెడ్డు మీద 'సముద్ర గర్భంలోకి స్వాగతం' అని బోర్డు. టిక్కెట్టు కొనుక్కుని సముద్ర గర్భంలోకి వెళ్లాం. లోపల 'షార్క్' అని రాసిపెట్టిన వాటిలో సగం పంగాసియస్. మన బజార్లో ఫంగస్ అని పిలిచే చెరువు చేప, మెకాంగ్ నదిలో పుట్టిన క్యాట్‌ఫిష్, దానికీ సముద్రానికీ ఏ చుట్టరికమూ లేదు.

చివరి తొట్టిలో ఉన్నది మాత్రం నిజం సొరే, అసలు సిసలు షార్క్. మూడడుగులు ఉంటుంది. నాలుగుసార్లు తోక ఆడించేసరికి అద్దం వచ్చేస్తుంది, మూతి రాసుకుంటూ తిరుగుతుంది, మళ్లీ నాలుగు ఊపులు, మళ్లీ అద్దం. మూతి చివర తోలు లేచిపోయి తెల్లగా ఉంది, అంచుల్లో ఎర్రగా కూడా ఉంది. పక్కనున్న ఒకావిడ పిల్లాడికి "చూడు నాన్నా, అద్దానికి ముద్దు పెడుతోంది" అని చూపిస్తోంది. చక్కటి వివరణ. ఇలాంటప్పుడే ఎవడో చదువుకున్నవాడు దూరి, సముద్రంలో తిరిగే పెద్ద సొరలు నాలుగు ఊపులు ఈది కాసేపు ఊరికే జారుతూ వెళ్తాయని, ఆ జారడానికి చోటు లేకపోతే తిరిగిన ప్రతిసారీ ఒంట్లో శక్తి ఖర్చయిపోతుందని, సూర, అదే టూనా లాంటివి నోరు తెరుచుకుని ఈదుతూ ఉంటేనే మొప్పలకి నీళ్లు అందుతాయని, ఆగితే ఊపిరాడదని మొదలుపెడతాడు. ఇరవై అడుగుల తొట్టిలో అదెలా కుదురుతుందంటాడు. టిక్కెట్టు కొన్నవాడి సంతోషం చెడగొట్టడం తప్ప వీళ్లకి వేరే పని ఉండదు.

జపాన్ వాళ్ల అమాయకత్వం చూస్తే జాలేస్తుంది. ఒకినావాలో 2002లో తెరిచిన చురౌమి అక్వేరియంలో ఒక్క తొట్టే 35 మీటర్ల పొడవు, 27 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు. 75 లక్షల లీటర్ల నీళ్లు. తిమింగల సొరల కోసమట. అందులోని మగ సొరని 1995లో, ఇంకా పాత అక్వేరియం ఉన్న రోజుల్లో తెచ్చినప్పుడు నాలుగున్నర మీటర్లు ఉండేది, తర్వాత ఎనిమిదిన్నర దాటింది. తొట్టి చిన్నగా కట్టి ఉంటే ఈ సమస్యే వచ్చేది కాదని వాళ్లకి చెప్పేవాడు లేకపోయాడు. పోనీ అక్కడ అన్నీ బతుకుతాయా అంటే అదీ లేదు, 2016 జనవరిలో అదే అక్వేరియానికి మూడున్నర మీటర్ల తెల్ల సొర ఒకటి వస్తే మూడు రోజుల్లో చచ్చిపోయింది. అమెరికాలో మాంటెరే బే వాళ్లు 2004లో ఒక తెల్ల సొర పిల్లని 38 లక్షల లీటర్ల తొట్టిలో 198 రోజులు ఉంచగలిగారు. అది ఒళ్లు పెంచుకుని పక్క సొరల మీద పడటం మొదలెట్టేసరికి సముద్రంలో వదిలేశారు.

టోక్యో సీ లైఫ్ పార్క్‌లో టూనాల కోసం 2,200 టన్నుల నీళ్లతో, గారె ఆకారంలో, ఎటు తిరిగినా మూల తగలకుండా తొట్టి కట్టారు. 2014 చివర్లో మొదలై చేపలు వరసపెట్టి చచ్చిపోయాయి, 2015 మార్చికి ఒక్కటి మిగిలింది. వైరస్ అన్నారు, ఒత్తిడి అన్నారు, ఇదీ కారణం అని గట్టిగా తేల్చలేకపోయారు. అంత పెద్ద తొట్టిలోనే చచ్చాయి కాబట్టి సైజుకీ ఆరోగ్యానికీ సంబంధం లేదు. ఈ లాజిక్‌లో లోపం కనిపించినవాళ్లు దయచేసి మనసులోనే ఉంచుకోండి.

ఇక అమ్మోనియా గొడవ ఒకటి. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నీళ్లు ఎంత తక్కువైతే అంత తొందరగా ఇవన్నీ చిక్కబడతాయి, నాలుగడుగుల తొట్టిలో నిండా పోసినా 250 లీటర్లే కదా. నైట్రేట్ పేరుకుంటే సొరలకి ఒంటికి అయోడిన్ అందక గొంతు కింద గడ్డ కడుతుంది, మనుషులకి వచ్చే గాయిటరే. ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ ఉందో లేదో చూసి కొనే మనం, ఉప్పునీళ్లలో ఉన్నదానికి అయోడిన్ లోటంటే నమ్ముతామా? మురికినీళ్లలో పడి, ఒత్తిడికి ఎదుగుదల ఆగిపోయిన చేపని చూసి "చూశారా, సర్దుకుపోయింది" అనడంలో ఉన్న హాయి వేరు. షాపువాడు నాతో ఆ మాటే అన్నాడు, ఆ నోటితోనే ఆరడుగుల తొట్టి రేటు కూడా చెప్పాడు.

ఎగ్జిబిషన్ లైన్లో నా వెనక బుడగట్లపాలెం నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నాడు, మనవరాలిని చంకనేసుకుని. చాలాకాలం గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద చేసొచ్చాడట. "అక్కడ మా వలలో బోటంత సొర పడేది బావూ. వల కోసేసి ఒగ్గేసేవోళ్లం" అన్నాడు. ఆయన చెప్పేది తిమింగల సొర గురించి. గుజరాత్ తీరంలో ఒకప్పుడు దాన్ని కాలేయం నూనె కోసం, మాంసం కోసం వేటాడేవారు. 2001లో వన్యప్రాణి చట్టం కిందికి తెచ్చాక వేట ఆగింది, వల కోసి వదిలినవాళ్లకి నష్టపరిహారం కూడా ఇస్తున్నారు. ఆయన తొట్టికేసి కాసేపు చూసి, "ఈ నీళ్లు కళింగపట్నం నుంచి తెచ్చేరా, మున్సిపాలిటీ కుళాయివా?" అని అడిగాడు. నేను సిద్ధాంతం ఎత్తుకునేలోపే మనవరాలు ఐస్‌క్రీమ్ అని ఏడుపు లంకించుకుంది, వెళ్లిపోయారు. శాస్త్ర ప్రచారానికి ఎన్ని అడ్డంకులో.

బయటికొస్తూ గేటు దగ్గర కుర్రాణ్ని అడిగాను, ఇక్కడ అయిపోయాక ఎక్కడికని. "విజయనగరం సార్, సిరిమాను పండక్కి." మరి సొరని ఎలా తీసుకెళ్తారు? మూలనున్న నీలం డ్రమ్ము చూపించి, "దాన్లోనే, ఆక్సిజన్ పెట్టి" అన్నాడు. మూడడుగుల సొర, రెండడుగుల వెడల్పు కూడా లేని డ్రమ్ము. నేనేం కంగారు పడలేదు. తొట్టిని బట్టి పెరిగేది డ్రమ్ముని బట్టి తగ్గదా? విజయనగరం గంటన్నర ప్రయాణం, రణస్థలం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే దానికి ఇంకో అరగంట టైము కలిసొస్తుంది.